ఫుట్‌బాల్ గురువర్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం

గత సంవత్సరం అంతర కళాశాలల ఫుట్‌బాల్ పోటీలలో మన జట్టు ఓడి తిరిగి వచ్చిన సాయంత్రం నేను కూడా విద్యార్థులతోపాటు బస్సులో ఉన్నాను. క్రీడా సంఘం బాధ్యతలో నా పేరు కూడా చేర్చినందువల్ల వెళ్ళానే గాని, సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికే నాకు ఆ ఆటలోని లోతుపాతులు తెలియవు. అంతకుముందు పందెంలో రెండు గోల్‌లు చేసిన కుర్రవాడు దారి పొడవునా గోల్‌కీపర్‌ను నిందిస్తూనే ఉన్నాడు. గోల్‌కీపర్ కిటికీ వైపు ముఖం తిప్పుకొని కూర్చున్నాడు. నిందించినవాడు ఒక్క విజయంతో తాను ఏనాటికీ తప్పు చేయనని నమ్మాడు. నిందపడినవాడు ఒక్క పొరపాటుతో తాను ఎందుకూ పనికిరానని నమ్మాడు. వీరిద్దరిలో ఎవరికి ఏమి చెప్పాలో ఆనాడు నాకు తోచలేదు. ఊరి పొలిమేరలు వచ్చేసరికి ఒక పేరు గుర్తుకు వచ్చి, సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరో తెలుసునా అని అడిగాను. బస్సులో ఉన్న ఇరవైమందిలో ఒక్కరికీ తెలియదు. ఈ వ్యాసం ఆ ఇరవైమంది కోసం.

రహీం సాహెబు 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. ఆటగాడుగా ఆయనకు దేశవ్యాప్తమైన కీర్తి ఏమీ రాలేదు. వృత్తిచేత ఆయన బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని చాదర్‌ఘాట్ హైస్కూలు వరకు నగరంలోని పలు పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, పిల్లల చేత ఆటలాడించే బాధ్యతను కూడా స్వీకరించారు. తరువాతి కాలంలో దేశమంతా ఆయనను గొప్ప కోచ్‌గా కీర్తించినా, ఆయన పద్ధతులన్నింటిలోనూ ఈ బడిపంతులే కనిపిస్తాడు. తెలియనివాడికి తెలిసేవరకు చెప్పడం, తెలిసినవాడిని మరింత కఠినమైన పాఠంలోకి నడిపించడం, తనకే తెలియనిది ఎదురైనప్పుడు తానే పలక పట్టుకొని కూర్చోవడం ఆయనకు వృత్తి నేర్పిన అలవాట్లు.

1940ల తొలి సంవత్సరాలలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. నగర పోలీసు జట్టుకు శిక్షకుడై, మరణించేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. పోలీసు శాఖలో కొలువు చేస్తూ ఆడే దృఢకాయుల నడుమ నిలిచి, ఒక ఉపాధ్యాయుడు బంతిని ఇలా కాదు, అలా తన్నాలని చెప్పడం, వారు తలవంచి వినడం ఆలోచిస్తే విశేషమే. ఆ వినికిడి ఫలితం త్వరలోనే లోకానికి తెలిసింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు తుది పోటీలో కలకత్తా మోహన్ బగాన్‌తో మొదట 2–2తో సరిసమానంగా నిలిచి, తిరిగి ఆడిన పందెంలో 1–0తో గెలిచింది. సంతోష్ ట్రోఫీలో 1956, 1957 సంవత్సరాలలో హైదరాబాదు జట్టే జాతీయ విజేత. కప్పుల జాబితా ఇంకా ఉన్నది. అవి ఎలా వచ్చాయన్నదే మనకు ముఖ్యం.

మన పిల్లలలో బంతి కాలికి తగిలిన ప్రతివాడూ నలుగురిని తప్పించుకొని ఒంటరిగా గోల్ వరకు పోవాలని కలగంటాడు. చూసేవారు చప్పట్లు కొట్టేది కూడా వాడికే. ఈ జబ్బు ఈనాటిది కాదు, రహీం సాహెబు కాలంలోనూ ఉన్నది. ఆయన దానికి ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. డ్రిబ్లింగును నిషేధించి ప్రత్యేకమైన పోటీలు నడిపారు. ఆ పోటీలలో బంతి అందినవాడు దానిని తనవద్దనే అట్టిపెట్టుకొని విద్య ప్రదర్శించరాదు, తోటివాడికి అందించి తీరాలి. అంటే తాను ఖాళీగా ఉన్న మిత్రుడిని వెదకాలి, వెదకాలంటే తల ఎత్తి చూడాలి. తన కాళ్ళను మాత్రమే చూసుకొనేవాడు ఆ ఆటలో ఒక్క నిమిషం నిలువలేడు. వినయం అనే గుణాన్ని ఒక నియమంగా మార్చి మైదానంలో ప్రవేశపెట్టిన ఉపాయమిది.

అంతకంటె విచిత్రమైనది మరొకటి. కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే, ఎడమకాలి వాటం ఉన్నవాళ్ళు కుడికాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన ఏర్పాటు చేశారు. ఎంతటి ఆరితేరిన ఆటగాడైనా ఆ పూట పసిపిల్లవాడు కావలసిందే. నగరం మెచ్చిన వీరుడు, నిన్న మొన్న బంతి ముట్టిన కుర్రవాడు ఒకే తీరున తడబడతారు. నేర్చినవాడికి తన లోపం తెలిసివస్తుంది. నెలల తరబడి అలా ఆడిన తరువాత ఆ లోపమే బలమవుతుంది. ఏ వైపు నుండి బంతి వచ్చినా భయపడనవసరం లేని స్థితి కలుగుతుంది. వినయం వేరు, ఆత్మవిశ్వాసం వేరు అని మనం తరగతి గదులలో విడదీసి చెబుతాము. ఆ బలహీన పాదం వద్ద అవి రెండూ ఒక్కచోటనే పుట్టడం నాకు కనిపిస్తుంది.

సికింద్రాబాదు సమీపాన అమ్ముగూడ గ్రామంలో తులసీదాస్ బలరాం అనే బీద కుర్రవాడు ఉండేవాడు. అతని ఆటను చూసిన రహీం సాహెబు నగరానికి వచ్చి సాధన చేయమన్నారు. రోజూ అంత దూరం రావడానికి ఆ కుర్రవాడి వద్ద డబ్బు లేదు. రహీం సాహెబు అద్దె సైకిలుకు అయ్యే ఖర్చు తానే ఇచ్చి రప్పించుకున్నారు. బలరాం 1956 ఒలింపిక్ జట్టులో చేరాడు, 1962లో అర్జున పురస్కారం పొందాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూసేవరకు రహీం సాహెబు ఉపకారాన్ని ఆయన మరువలేదు. ప్రతిభను గుర్తించడం అనే మాటను మనం తరచుగా వాడుతాము. గుర్తించిన తరువాత సైకిలు అద్దె కూడా లెక్కచూసుకొన్నవారు ఎందరో మీరే ఆలోచించుకోండి.

జాతీయ జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చిన తొలిరోజులలోనే, 1951లో, ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశం స్వర్ణపతకం గెలిచింది. తుది పోటీలో ఇరానుపై సాహూ మేవాలాల్ చేసిన ఒకే ఒక గోల్ విజయాన్ని తెచ్చింది. నాయకుడు శైలేన్ మన్నా. ప్రధానమంత్రి నెహ్రూ స్వయంగా ఆ పందెం చూశారు. అక్కడితో ఆగి ఉంటే అహంకారానికి కావలసినంత ఆహారం దొరికేది.

మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్ క్రీడలు. 1952 జూలైలో ఆ చలిదేశపు మైదానంలో మన జట్టు యుగోస్లావియాను ఎదుర్కొన్నది. మనవారిలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడేవారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో అలాగే ఆడి ఫ్రాన్సు జట్టును ముప్పుతిప్పలు పెట్టి 1–2తో మాత్రమే ఓడినందువల్ల, ఉత్తకాళ్ళ ఆట మనకు ఒక గర్వకారణంగా కూడా మారింది. హెల్సింకీలో ఆ గర్వం నిలువలేదు. 10–1. మన వైపు ఆ ఒక్క గోల్ అహమ్మద్ ఖాన్ చేశాడు. ఆసియా విజేతలమని వెళ్ళినవారు పది గోల్‌ల బరువుతో తిరిగివచ్చారు.

రహీం సాహెబు జీవితంలో నన్ను అన్నింటికంటె ఆకర్షించే ఘట్టం ఇదే. అటువంటి ఓటమి తరువాత శిక్షకుడికి రెండు దారులు సులభంగా దొరుకుతాయి. వాతావరణం, బూట్లు, ఆటగాళ్ళ అలసట అని కారణాలు చెప్పి తన పద్ధతిని కాపాడుకోవడం ఒకటి. తనకు చేతకాదని చేతులు ముడుచుకోవడం మరొకటి. ఆయన మూడవదారి పట్టారు. ఓడించినవాడిని గురువుగా అంగీకరించారు. బూట్లు తప్పనిసరి అని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నియమం చేసింది. ఆయన మాత్రం కాళ్ళకు బూట్లు తొడిగితే చాలునని భావించక, జట్టును నిలబెట్టే తీరునే మార్చడానికి పూనుకున్నారు. ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్‌లు, అయిదుగురు ఫార్వర్డులు అనే పాత కూర్పు మనవారికి అలవాటయినది. దానిని సడలించి, రక్షణలో ముగ్గురిని నిలిపే తీరును నేర్పారు. ఇంతలో 1953లో హంగేరీ జట్టు ఇంగ్లండును వెంబ్లీ మైదానంలోనే 6–3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. వారి సెంటర్ ఫార్వర్డు ముందు నిలువక వెనుకకు తగ్గి ఆడుతూ, ప్రత్యర్థి రక్షకులకు తాను ఎవరి పాలివాడో తెలియకుండా చేసేవాడు. ఈ పాఠాన్ని ఆసియాలో తొందరగా అందుకొన్నవారిలో హైదరాబాదు బడిపంతులు ఒకరు. నలభై దాటిన వయస్సులో, స్వర్ణపతకం తెచ్చిన తన పద్ధతిని తానే ప్రక్కన పెట్టి, మళ్ళీ మొదటి పుట తెరవడానికి ఎంత ధైర్యం ఉండాలి!

ఆ ధైర్యం ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. మొదటి పందెంలో మనకు ఎదురు కావలసిన హంగేరీ, స్వదేశంలోని అల్లకల్లోలం కారణంగా రాలేదు. తరువాత ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను డిసెంబరు 1వ తేదీన 4–2తో గెలిచాము. నెవిల్ డిసౌజా మూడు గోల్‌లు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియావాసి అతడే. ఒలింపిక్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు కూడా మనదే. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలయిన హైదరాబాదు ఆటగాళ్ళు ఉన్నారు. సెమీఫైనలులో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియాయే. నాలుగేళ్ళ క్రితం పది గోల్‌లు కొట్టిన దేశంపై ఈసారి మొదటి గోల్ మనదే, డిసౌజా చేసినది. చివరకు 1–4తో ఓడాము. కాంస్యపతకం కోసం బల్గేరియాతో ఆడి 0–3తో అదీ పోగొట్టుకున్నాము. నాలుగవ స్థానం మిగిలింది.

ఒకే ఒక విజయంతో నాలుగవ స్థానం వచ్చిందని ఎత్తిపొడిచేవారు లేకపోలేదు. లెక్క నిజమే. దానిని దాచి గొప్పలు చెప్పుకోవడం రహీం సాహెబు శిష్యులకు తగినది కాదు. కాని 10–1కి, 4–1కి మధ్య నడచిన దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ రెండింటి నడుమ ఒక పట్టుదల గల మనిషి నాలుగేళ్ళ జీవితం ఉన్నది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనకు కఠినమైన వర్గం దక్కింది. హంగేరీతో 1–2, పెరూతో 1–3 ఓటమి. ఫ్రాన్సుతో మాత్రం 1–1 సమానం. ఈ యాత్రను నేను ప్రస్తావించేది ఫలితాల కోసం కాదు. ఆ జట్టులో రహీం సాహెబు కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. తండ్రి శిక్షకుడు, కుమారుడు జట్టు సభ్యుడు. మూడు పందాలు జరిగాయి. ఒక్కదానిలోనూ హకీంకు ఆడే అవకాశం రాలేదు. రెండేళ్ళ తరువాత జకార్తాకు వెళ్ళిన జట్టులోనూ అతడు లేడు. మన మధ్య చిన్న చిన్న ఎంపికలకు కూడా సిఫారసు ఉత్తరాలు వస్తూ ఉండగా, ఈ విషయం చదివినప్పుడు నేను కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ తండ్రి ఇంటికి వెళ్ళి కుమారునితో ఏమి మాట్లాడి ఉంటారో! హకీం గారు తరువాత అంతర్జాతీయ రెఫరీగా పేరు పొంది, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం స్వీకరించి, 2021 ఆగస్టులో మరణించారు. జీవితమంతా ఆయన ఫుట్‌బాల్‌ను విడువలేదన్నది మాత్రం అందరికీ తెలిసినదే.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడల నాటికి రహీం సాహెబు శరీరంలో క్యాన్సర్ ప్రవేశించింది. మొదటి పందెంలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడాము. తరువాత థాయిలాండును 4–1తో గెలిచాము గాని, ఆ పందెంలో జర్నేల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు మన రక్షణకు వెన్నెముక. జపానుపై 2–0 విజయంతో సెమీఫైనలు చేరాము. తలకు కట్టుతో ఉన్న బ్యాకును ఏమి చేయాలి? విశ్రాంతి ఇమ్మని ఎవరైనా చెబుతారు. రహీం సాహెబు అతనిని సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు! దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచిన సెమీఫైనలులోనూ, తుది పోటీలోనూ జర్నేల్ అక్కడే ఆడాడు.

గోల్‌కీపర్ విషయంలో మరింత కఠినమైన నిర్ణయం. పీటర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టినందువల్ల ప్రద్యుత్ బర్మన్ గోల్ కాచి, జట్టును తుది పోటీ వరకు తెచ్చాడు. తుది పోటీకి రహీం సాహెబు కోలుకున్న తంగరాజ్‌ను నిలబెట్టారు. కొరియా వారి ఎత్తు బంతులకు తంగరాజ్ పొడవు అవసరమన్నది ఆయన లెక్క. బర్మన్ చేసిన తప్పేమీ లేదు. తప్పు చేయనివాడిని కూర్చోబెట్టడం, కూర్చున్నవాడు జట్టును విడదీయకుండా ఉండడం, ఈ రెండూ జరిగాయి. గెలిచిన పందాల కథలలో ఇటువంటివారి పేర్లు చివరి వరుసలోకి పోతాయి. అందుకే ఆయన పేరును ఇక్కడ ప్రత్యేకంగా వ్రాస్తున్నాను.

ఇవి చాలవన్నట్లు వీధులలో వైరం. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. భారత ప్రతినిధి గురుదత్ సోంధీ దానిని ఖండించినందుకు జకార్తా జనం మన దేశంపై ఆగ్రహించారు. మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. మన ఆటగాళ్ళు బస్సులో తలలు దించుకొని ప్రయాణం చేశారు. తుది పోటీకి ముందురాత్రి ఆటగాళ్ళకు నిద్రపట్టక బయట తిరుగుతూ ఉంటే రహీం సాహెబు వారిని కలుసుకొని, తనకు వారి నుండి స్వర్ణపతకం తప్ప మరే కానుకా అక్కరలేదని కోరినట్లు వారు తరువాత చెప్పుకొన్నారు. ఆజ్ఞాపించగలవాడు కానుక అడిగాడు. అలా అడిగినవాడి కోసం ఆడటానికీ, ఆజ్ఞకు లోబడి ఆడటానికీ గల భేదం మైదానంలో ఆడినవారికే తెలియాలి.

సెప్టెంబరు 4వ తేదీ. సెనాయన్ మైదానంలో లక్షమంది ప్రేక్షకులు, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. మనకోసం చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ జట్టు కూడా ఉన్నదని మన ఆటగాళ్ళు కృతజ్ఞతతో చెప్పేవారు. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియాయే. మొదటి ఇరవై నిమిషాలలోనే పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు గాయమైన జర్నేల్ సింగ్ ఒక గోల్ చేశారు. చివరిలో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. 2–1. చునీ గోస్వామి నాయకత్వాన మనవారు స్వర్ణపతకం అందుకొన్నారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణం మళ్ళీ రాలేదు.

జకార్తా నుండి తిరిగివచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన, రహీం సాహెబు హైదరాబాదులో కన్నుమూశారు. వయస్సు యాభై నాలుగు నిండలేదు. ఉత్తమ శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని మన ప్రభుత్వం 1985లో నెలకొల్పింది. ఆయన శిష్యుల పేర్లు అర్జున పురస్కారాల పట్టికలో వరుసగా కనిపిస్తాయి. ద్రోణుని స్థానంలో ఆయన పేరు లేదు. 2024లో ఆయన జీవితంపై ఒక హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత కొందరు యువకులకు ఆ పేరు తెలిసింది. మన బస్సులోని ఇరవైమంది ఆ చిత్రం చూసినవారు కారు.

ఆ బస్సు ప్రయాణం తరువాత నేను వ్యాయామ అధ్యాపకుని వద్దకు వెళ్ళి, రహీం సాహెబు నడిపిన బలహీన పాదపు పోటీ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, చూద్దామన్నారు. ఇప్పుడు నెలకు ఒక శనివారం సాయంత్రం మన మైదానంలో అటువంటి ఆట జరుగుతున్నది. మొదటిరోజు గంటసేపు ఆడినా ఒక్క గోల్ కూడా పడలేదు. రెండు గోల్‌ల వీరుడు ఎడమకాలితో బంతిని తన్నబోయి రెండుసార్లు నేలమీద పడ్డాడు. రెండవసారి అతనిని లేపడానికి చేయి అందించినవాడు గోల్‌కీపర్.